కుండెడు పేడనీళ్ళు

మా ఆయన చక్రధరరావుగారు ఆ సైకిలు కొన్న రోజునే నేను నిశ్చయించుకున్నాను, ఎప్పటికైనా దాన్ని ఇంట్లోంచి వెళ్ళగొట్టాలని. దాని టైరు నా బొటనవేలంత. స్టాండు లేదు. వెనక క్యారేజీ లేదు. కూరల సంచీ తగిలించుకుందామంటే ముందు కొక్కెమైనా లేదు. ఇన్ని లేనిదాన్ని జగదల్‌పూర్ నుంచి దుప్పటి చుట్టి మరీ తెచ్చారు.

సైకిలొక్కటే అయితే సర్దుకుందును. దానికో వేషం కూడా ఉంది. యాభై అయిదేళ్ళ మనిషి, పెళ్ళీడు కూతురున్న మనిషి, ఒంటికి అతుక్కుపోయిన నల్ల నిక్కరు వేసుకుని పొద్దున్నే బచేలి కాలనీ వీధిలోకి దిగితే, పాలకోసం గిన్నెలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళ ముందు నేను తల ఎక్కడ పెట్టుకోవాలి? ఎదురింటి రాజ్యశ్రీ ఒకరోజు, "అంకుల్ లుంగీ మర్చిపోయారేమో ఆంటీ" అంది. నవ్వింది. నేనూ నవ్వాను. లోపలికొచ్చి ఆయన్ని కడిగేశాను.

అసలీ గొడవంతా కొండ మీద మొదలైంది. మా ఆయన అక్కడి ఇనుప గనిలో డంపర్ ఆపరేటరు. డంపరంటే మామూలు లారీ కాదు, మా క్వార్టరు కంటే ఎత్తుంటుంది. నిచ్చెన మెట్లెక్కి క్యాబిన్లోకి వెళ్ళాలి. ముప్ఫై ఏళ్ళు దాన్ని నడిపారు. అక్కడొక పద్ధతి: బండి కదిలే ముందు హారన్ కొట్టాలి. ముందుకైతే రెండు, వెనక్కైతే మూడు. ఆ అలవాటు ఆయన ఒంట్లోకి ఎంత ఇంకిందంటే, స్కూటరు మీద నన్ను సంతకి తీసుకెళ్ళేటప్పుడు కూడా గేటు దగ్గర రెండు కొట్టనిదే కదిలేవారు కాదు. వీధిలో పిల్లలకి అదొక ఆట.

రెండేళ్ళ కిందట గనివాళ్ళ మెడికల్ పరీక్షలో షుగరు, బీపీ రెండూ బయటపడ్డాయి. డాక్టరు ఆయన్ని డంపర్ మీంచి దింపి లైట్ డ్యూటీ రాశాడు. గని గేటు పక్కన ఒక గది. వచ్చినవాళ్ళకి హెల్మెట్లు ఇవ్వడం, వెళ్ళేవాళ్ళ దగ్గర పుచ్చుకోవడం. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, అన్నం తిని, వరండాలో కూర్చున్నారు. ఎవరి మీదా కోపం లేదు. ఆ మొహం నేను మర్చిపోలేదు. పెళ్ళిచూపుల్లో కూడా అంత బుద్ధిగా కూర్చోలేదాయన.

తర్వాత సైకిలొచ్చింది. దానికి అందరూ వద్దన్నా ఇత్తడి బెల్లొకటి బిగించారు. గేటు దగ్గర ట్రింగు ట్రింగు అని రెండు కొట్టి బయల్దేరేవారు. మొదట కాలనీ చుట్టూ తిరిగి వచ్చి ఆయాసపడుతూ సోఫాలో కూలబడేవారు. తర్వాత కిరందుల్ దాకా, తర్వాత దంతెవాడ దాకా వెళ్ళొచ్చేవారు. నిజం చెప్పొద్దూ, షుగరు దిగింది. ప్యాంట్లన్నీ బెల్టు మీద వేలాడసాగాయి. పక్క వీధిలో ఉండే నర్సు పూనం రిపోర్టు చూసి, "అంకుల్, ఇది మీదేనా?" అంది. అయినా రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషిని మళ్ళీ డంపర్ ఎక్కించడం ఎందుకులే అన్నారు పైవాళ్ళు. ఆయన మళ్ళీ వెళ్ళి హెల్మెట్ల గదిలో కూర్చున్నారు.

అప్పుడు పుట్టింది కుంట పిచ్చి. బచేలి నుంచి సుక్మా మీదుగా కుంట అనే ఊరి దాకా, శబరి ఒడ్డు దాకా, ఒక్క పగట్లో సైకిలు మీద వెళ్ళాలట. దాదాపు రెండు వందల కిలోమీటర్లు. "ఎందుకండీ?" అన్నాను. "నిన్ను పెళ్ళి చేసుకుని తీసుకొచ్చిన దారి అది" అన్నారు. నిజమే. రాజమండ్రి నుంచి మారేడుమిల్లి ఘాటెక్కి, చింతూరు దిగి, కుంట దగ్గర బస్సు చెడిపోతే శబరిలో కాళ్ళు కడుక్కుని కూర్చున్నాం. తర్వాత చాలా ఏళ్ళు నక్సలైట్ల గొడవలతో ఆ దారిలో పగలు కూడా బండి తిరగలేదు. ఇప్పుడు తారు పడింది, పోలీసు క్యాంపులొచ్చాయి, బస్సులు నడుస్తున్నాయి. కానీ ఆయన నాతో చెప్పింది సగమే. మిగతా సగం ఒకరోజు చీకట్లో, నేను నిద్రపోయాననుకుని గోడతో చెప్పినట్టు చెప్పారు: "అది చేస్తే నేను లైట్ డ్యూటీ మనిషిని కానని నాకైనా తెలుస్తుంది."

మొదటిసారి దంతెవాడ దాటాక పిక్కలు పట్టేసి కోళ్ళ వ్యానులో తిరిగొచ్చారు. చెవి వెనక ఈక ఉంది. రెండోసారి సుక్మా దాకా వెళ్ళి, బస్టాండులో వాంతులు చేసుకుని, బస్సు టాపు మీద సైకిలు వేసుకుని వచ్చారు. రెండుసార్లూ గేటు దగ్గర బెల్లు మోగలేదు. పెరటివైపు నుంచి చప్పుడు కాకుండా తోసుకొచ్చి గోడకి ఆనించారు. రెండోసారి నేను పట్టు పట్టాను. ఈ వయసులో ఆ గుండె రోడ్డు మీద ఆగిపోతే నాకెవరు దిక్కు? "ఇంకొక్కసారి, అదే ఆఖరు. ఈసారి గనక బండెక్కి వస్తే సైకిలు మన తోటమాలి పండూకి ఇచ్చెయ్యాలి" అన్నాను. ఆయన నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశారు. పండూకి కూడా ఆ మాట చెవిన వేశాను. వాడు సైకిల్ని చూసే చూపే మారిపోయింది.

మూడో ప్రయాణం మే నెలలో పడింది. సెలవు అప్పుడే దొరికింది. ఆ ఎండలో ఈయన కుంట చేరడం కల్ల అని నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను, సైకిలు పీడ వదులుతుందని. కానీ ఊరుకుని ఇంట్లో కూర్చోవడం నావల్ల కాలేదు. పూనం వాళ్ళమ్మ ఆయతిది ఎర్రబోరుకి ఇవతల, హైవే పక్కనే ఊరు. దోర్ల తెగ మనిషి. కూతురు దగ్గరికి వచ్చినప్పుడల్లా మా వంటింట్లోనే ఉంటుంది, తెలుగు మాట్లాడేవాళ్ళు దొరికారని. విత్తనాల పండుముకి, అంటే వాళ్ళ విత్తనాల పండక్కి, రమ్మని ఎప్పటినుంచో పిలుస్తోంది. ముందురోజు బస్సెక్కడానికి సిద్ధమయ్యాను.

"నా వెనకాల ఎవరూ రావద్దన్నాను కదా" అన్నారు మా ఆయన.

"వెనకాల ఎవరొస్తున్నారు? నేను ముందే వెళ్తున్నాను" అన్నాను.

పండుం అయ్యేదాకా ఆయతి ఊళ్ళో ఎవరూ పొలంలో గింజ వెయ్యరు. ఆ రోజుల్లో మగవాళ్ళు విల్లంబులు పట్టుకుని అడవికి పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా వెదురు గెడ పెట్టి నాకా వేస్తారు. వచ్చేపోయే బండి ఏదో ఒకటి ఇస్తే గాని గెడ లేవదు. పొద్దున్నే నాకూ ఒక చివర పట్టుకునే ఉద్యోగం ఇచ్చారు. క్యాంపు జవాన్లు మోటారు సైకిళ్ళ మీద వచ్చి, నవ్వి, బిస్కెట్ ప్యాకెట్లు ఇచ్చి పోయారు. బస్సు కండక్టరు బతిమాలాడు. పాటలు పాడుతున్నారు, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా పెదాలు కదిపాను. కళ్ళు మాత్రం సుక్మా వైపే ఉన్నాయి. ఎండ మండిపోతోంది. ఆయన నీళ్ళు తాగారో లేదో, హెల్మెట్ కింద తడిగుడ్డ పెట్టుకోమన్నాను, పెట్టుకున్నారో లేదో.

పొద్దు వాలుతుండగా మగవాళ్ళు అడవిలోంచి వచ్చారు. అందరూ ఉత్త చేతులే. ఈ రోజుల్లో అడవిలో ఏముంది, ఉన్నా కొట్టనిస్తారా, పేరుకి తిరిగి రావడమే. కానీ ఆడవాళ్ళకి ఆ లెక్కేం పట్టలేదు. చెట్టు కింద వరసగా కుండలున్నాయి. అవి తాగే నీళ్ళేమో అనుకుని పొద్దుట్నుంచీ ఒక చెంబు ముంచుకుందామని చూస్తున్నాను. ముంచుకోకపోవడం నా అదృష్టం. అవి పేడనీళ్ళు. ఆయతి చీర చెంగు బిగించి, ఒక కుండెత్తి, తన మొగుడు బుధ్రా నెత్తి మీద గుమ్మరించింది. మిగతా ఆడవాళ్ళు కేకలు వేస్తూ మీద పడ్డారు. మగవాళ్ళు పరిగెత్తేవాళ్ళు పరిగెత్తారు, తిట్టేవాళ్ళు తిట్టారు, అందరూ తడిసి ముద్దయి నవ్వుతున్నారు.

"ఏందమ్మా గట్ల చూస్తవ్?" అంది ఆయతి చేతులు కడుక్కుంటూ. "ఉత్తచేతుల్తో వస్తే ఊళ్ళెకి రానీయం. పోస్తం. పోస్తే రేపు మళ్ళ పోవాలె. పండుం అయ్యేదాంక గంతే."

అప్పుడు చూశాను, ఒకాయన మీద ఎవరూ పొయ్యలేదు. ఉంగ అని, బుధ్రాకి పెదనాన్న. నడుం కొంచెం వంగింది గాని మనిషి గట్టిగానే ఉన్నాడు. భుజాన విల్లుంది. ఆయనా అందరితోపాటు ఉత్తచేతులతోనే వచ్చి, కుండల ముందునుంచి మెల్లగా, కావాలని మెల్లగా నడిచాడు. ఆడవాళ్ళు మర్యాదగా పక్కకి తప్పుకున్నారు. ఆయన పోయి ఒక దుంగ మీద కూర్చున్నాడు. పొడిగా.

"ఆయన మీద పొయ్యరేం?" అన్నాను.

"ముసలోళ్ళకి పొయ్యం. పొయ్యకపోతే వేట అయిపోయినట్టె. ఇగ ఇంట్ల కూసోవచ్చు" అంది ఆయతి, పెద్ద ఉపకారం చేసినట్టు.

ఉంగ తాత అందరి నవ్వులూ చూస్తూ బుద్ధిగా కూర్చున్నాడు. ఆ కూర్చోవడం నేనెరుగుదును. మా వరండాలో చూశాను.

అంతలో తునికాకు బస్తాలేసుకున్న పికప్పొకటి వచ్చి నాకా దగ్గర ఆగింది. ముందు నాకు కనిపించింది చక్రం. బస్తాల పైన, బొటనవేలంత టైరు, గాలికి ఊరికే తిరుగుతోంది. గెడ వదిలేసి పరిగెత్తాను.

ఆయన బస్తాల మధ్య మొహం మీద తువ్వాలు కప్పుకుని పడుకుని ఉన్నారు. "దోర్నపాల్ దాటాక రోడ్డు పక్క కూలబడ్డాడమ్మా. లేపి, నీళ్ళు తాగించి ఎక్కించిన" అన్నాడు డ్రైవరు సునీలు. ఒళ్ళు పట్టి చూశాను. వేడిగా ఉంది గాని ఊపిరి నిమ్మళంగా ఉంది, మాట తెలివిగానే ఉంది. "కాళ్ళు బిగుసుకుపోయాయి రత్నం, ఇంకేం లేదు" అన్నారు. బుధ్రా, సునీలు చెరో రెక్కా పట్టి దింపారు. ఆ నిక్కరు చూసి పిల్లలు కిసుక్కుమన్నారు. ఆయనకి వినపడలేదు.

ఆడవాళ్ళకి పని దొరికింది. మరో మగాడు ఉత్తచేతులతో వచ్చాడు! కుండలెత్తారు. అందరికంటే ముందు ఆయతి మరదలు వచ్చింది, ఆమె పేరు కోసే. దగ్గరికొచ్చాక ఆయన నెరిసిన గడ్డం చూసింది, వంకరగా పడుతున్న అడుగులు చూసింది. వెనక్కి తిరిగి వాళ్ళ భాషలో ఏదో అంది. కుండలన్నీ కిందికి దిగాయి. దారి ఇచ్చారు. ఒకామె చెంబుతో మంచినీళ్ళు తెచ్చింది. కోసే ఏమందో నాకెవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

ఆయనకి ఇదేం తెలియదు. "థాంక్సమ్మా" అని నీళ్ళు తాగి, కూర్చోవడానికి చోటు వెతుక్కుని, సరిగ్గా వెళ్ళి ఉంగ తాత పక్కనే దుంగ మీద కూర్చున్నారు. ఊరు ఊరంతా తడిసి నవ్వుతుంటే ఇద్దరు మనుషులు పక్కపక్కన పొడిగా కూర్చున్నారు.

నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. ఆయన నా మొహం చూడలేదు.

"అయిపోయింది రత్నం. ఇంటికెళ్ళగానే పండూకి ఇచ్చెయ్. నువ్వన్నట్టే" అన్నారు.

నేను కోరుకున్నది అదే. కనపడ్డ రాయికల్లా మొక్కి మరీ కోరుకున్నాను. సైకిలు పోతుంది, నిక్కరు పోతుంది, మనిషి మిగులుతాడు, పొద్దున్నే నాతో కూర్చుని చక్కెర లేని టీ తాగుతాడు. నోరు మూసుకుని ఊరుకుంటే చాలు. కానీ ఆ కూర్చోవడం చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది. ఇలా కూర్చున్న మనిషిని ఇంటికి తీసుకెళ్ళి నేనేం చేసుకోను?

కోసే చంకలోని కుండ అందుకున్నాను.

ఆయతి గబగబా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "చూస్కో రత్నమ్మా. పోస్తే మళ్ళ పంపాలె. తర్వాత ఏడిస్తే నాకు తెల్వదు."

"మొగుడి మీద పెళ్ళాం పొయ్యొచ్చా?"

"పెళ్ళామైతె ఇంకింత ఎక్కువ పొయ్యొచ్చు."

పోశాను. హెల్మెట్ మీంచి, కళ్ళజోడు మీంచి, గడ్డం మీంచి పచ్చగా కారింది. తర్వాత ఆడవాళ్ళు ఒక్క పెట్టున కేక పెట్టి, దించిన కుండలన్నీ తెచ్చి ఆయన మీద కుమ్మరించారు. కోసే అయితే రెండు కుండలు పోసింది, మొదట ముసలాయనని పొరబడినందుకు.

"ఏవిటే ఇది! పిచ్చెక్కిందా?" అని లేచారు మా ఆయన. లేచారు! పిక్కలు పట్టేసిన మనిషి ఒక్క ఉదుటున లేచి నిలబడ్డారు.

"వేటకెళ్ళి ఉత్తచేతులతో వచ్చినందుకు. ఈ ఊళ్ళో ముసలాళ్ళ మీద పొయ్యరట. పోయించుకున్నవాడు రేపు మళ్ళీ వెళ్ళాలి."

కళ్ళజోడు తీసి, తుడవడానికి ఒంటి మీద పొడిగుడ్డ లేక అలాగే పట్టుకుని, నన్నే చూశారు. "మరి నీ మీద ఒట్టు?"

"ఒట్టు వేసింది నా నెత్తి మీద. నా నెత్తి నా ఇష్టం."

ఆయన నవ్వడం మొదలుపెట్టారు. చిన్నగా మొదలై భుజాలు ఊగేదాకా వెళ్ళింది. రెండేళ్ళయింది ఆ నవ్వు విని. గడ్డం నుంచి పేడ రాలుతుంటే నా పక్కకొచ్చి, "రేపు ఇక్కణ్ణుంచి కాదు. సునీలు బండి ఎక్కిన చోటికి తిరిగెళ్ళి, అక్కణ్ణుంచి తొక్కుతాను. మధ్యలో ముక్క వదిలేస్తే లెక్కకి రాదు" అన్నారు. ఒక్క పగట్లో అన్న మాట పోయింది, దాని ఊసు నేను ఎత్తలేదు. భయం నాకు పోయిందనుకోకండి. ఆ రాత్రంతా ఆయన ఊపిరి వింటూనే ఉన్నాను.

తెల్లవారుతూనే ఆయతి పోసిన జావ తాగి, గుమ్మం ముందు సైకిలెక్కారు. ట్రింగు ట్రింగు. సుక్మా వైపు వెళ్ళిపోయారు. మేం మళ్ళీ నాకా వేశాం. కుండలు మళ్ళీ నిండాయి. మగవాళ్ళు ఆ రోజు ఎండ తగ్గాకే అడవికి పోతామని చెట్ల కింద చేరారు. ఈసారి గనక బండెక్కి వస్తే పోసేద్దామని కోసే రోడ్డు మీదే కుండ పెట్టుకుని కూర్చుంది. నేనూ ఒకటి పెట్టుకున్నాను. ఉంగ తాత తన దుంగ మీద తనున్నాడు, భుజాన విల్లు, నెత్తిన తలపాగా.

ఎండ కొంచెం ముదిరాక మలుపులో చిన్నగా కనిపించారు. తొక్కుతున్నారు. ఒంగి, వగరుస్తూ, తొక్కుతున్నారు. నేను గెడ గట్టిగా పట్టుకున్నాను, లేకపోతే ఎదురు పరిగెత్తేదాన్ని. దగ్గరికొచ్చాక కోసే గెడకి అడ్డంగా నిలబడి చెయ్యి చాచింది.

"ఏం తెచ్చిన్రని అడుగుతంది" అంది ఆయతి.

మా ఆయన కాలు కింద ఆనించి, చొక్కాకి వీపు కింద ఉన్న జేబులో చెయ్యి పెట్టి, గుప్పెడు తునికిపళ్ళు తీశారు. పసుపుపచ్చగా పండినవి. సగం చితికిపోయి నిక్కరంతా మరకలు. దారిలో ఆగి ఏరుకున్నారట. ఆడవాళ్ళు కేకలు పెట్టారు. కోసే ఒకటి అక్కడే నోట్లో వేసుకుని, గింజ ఊసి, గెడ ఎత్తమని సైగ చేసింది.

నా చివర నేనే ఎత్తాను. ఆయన నా వైపు తిరగలేదు. కదిలేటప్పుడు డంపర్ ఆపరేటరు దారి తప్ప ఇంకేదీ చూడడు. రెండుసార్లు బెల్లు కొట్టి, గెడ కిందనుంచి ఎర్రబోరు వైపు, కుంట వైపు వెళ్ళిపోయారు. ఆ నల్ల నిక్కరు కనిపించినంతసేపూ చూశాను. ఏం సిగ్గనిపించలేదు.

మధ్యాహ్నం కాకముందే ఫోనొచ్చింది. "శబరిలో కూర్చున్నాను రత్నం. మెడ వెనక పేడ ఇంకా పోవట్లేదు" అన్నారు. నీళ్ళ చప్పుడు వినిపించింది.

ఫోను పెట్టేసి తిరిగేసరికి ఉంగ తాత నా ఎదురుగా నిలబడి ఉన్నాడు. విల్లు తీసి దుంగకి ఆనించాడు. తలపాగా విప్పి దాని మీద పెట్టాడు. నెరిసిన తల కొంచెం వంచి, అలాగే నిలబడ్డాడు.

"ఏమంటున్నాడు ఆయతీ?"

ఆయతి నవ్వబోయి ఆగింది. చెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"ఏమంటలేడు. పొయ్యమంటున్నడు."

నా కుండ నిండుగానే ఉంది. అడుగు కనబడేదాకా పోశాను. ఉంగ తాత మొహం కూడా తుడుచుకోలేదు. విల్లు భుజాన వేసుకుని, అందరికంటే ముందు, అడవివైపు నడిచాడు.